పోకయే గాని రాక లేని బాట

ఉదయము తొమ్మిది గంటలవేళ మా పాఠశాల గేటునొద్ద నిలిచి హైదర్‌గూడ వీధిని చూచువారికి రెండు విధములైన యువజనులు కనబడుదురు. ఒక విధమువారు వీపున బరువైన సంచియు, చేత నీళ్ళ సీసాయు, చంకలో అంచులు చిరిగిన పుస్తకమును పెట్టుకొని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమువైపునకో, అశోక్‌నగరు శిక్షణాలయములవైపునకో నడచిపోవుచుందురు. వీరు సర్కారు ఉద్యోగముల పరీక్షలకు చదువువారు. రెండవ విధమువారి చేతులలో ప్లాస్టికు ఫైళ్ళుండును. వీరు హిమాయత్‌నగరు దిక్కుగా పోవుదురు. ఆ ఫైళ్ళలో మార్కుల జాబితాలు, బ్యాంకు కాగితములు, తెల్లని తెర వెనుక పెట్టి తీయించిన ఫొటోలు. మొదటివారు ఈ రాష్ట్రమున ఒక కొలువు కొఱకు ఏండ్లు వేచియుందురు. రెండవవారు ఈ దేశము విడిచిపోవుటకు నెలలు లెక్కించుచుందురు. వీరిలో పెక్కుమంది ఒకే తరగతిలో ఒకే బల్లమీద కూర్చుండినవారే. మా బల్లలమీద కూర్చుండినవారును కలరు.

ఈ రెండవ విధమువారిని గూర్చియు, వారు పోవు అమెరికా దేశమునకును మన దేశమునకును నడుమ ఉన్నతవిద్య విషయమున గల పొత్తును గూర్చియు ఈ సంచికలో కొన్ని మాటలు వ్రాయదలచితిమి. పిల్లలు సముద్రము దాటరాదని చెప్పుట మా యుద్దేశము కాదు. అట్లు చెప్పుటకు మాకు నోరును లేదు. సముద్రము దాటి వచ్చిన యుపాధ్యాయులే లేకున్నచో తెలుగునాట పెక్కు మిషను పాఠశాలలు పుట్టియే యుండవు. మా వాదమెల్ల ఒక్కటే. పోక యున్నచోట రాకయు నుండవలెను. ఒక బాటమీద అందఱును ఒకే దిక్కునకు నడచుచుండిన, దానిని పొత్తు అనుటకు మాకు మనసొప్పదు.

విదేశవిద్య మన నగరమునకు క్రొత్త గాదు. నిజాం కళాశాలకు మూలమైన విద్యాలయమును నడపిన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు ఎడింబరోలో డి.ఎస్‌సి. పట్టము పొంది వచ్చినవాడు. ఆయన కుమార్తె సరోజినిని 1895లో నిజాము ప్రభుత్వము విద్యార్థివేతన మిచ్చి ఇంగ్లండునకు పంపెను. ఆమె లండను కింగ్సు కళాశాలలోను, కేంబ్రిడ్జి గిర్టను కళాశాలలోను చదివి 1898లో తిరిగివచ్చెను. ఆ కుటుంబము వసించిన ఇల్లు, గోల్డెన్ త్రెషోల్డ్, నేటికిని నాంపల్లి స్టేషను రోడ్డున నున్నది. 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము పుట్టినప్పుడు దాని తొలి తరగతులకు చోటిచ్చినది ఆ యిల్లే. ఒక బాలికను పైదేశమునకు పంపినందున ఊరికి వచ్చిన లాభమును లెక్క వేయుట ఎంత కష్టమో ఈ యొక్క సంగతి చెప్పుచున్నది. ఆ విశ్వవిద్యాలయము మాట మరల వచ్చును.

మరి తిరిగిరానివారి సంగతి యేమి? భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టను చేరెను. కాకినాడ ప్రాంతపు మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ యిచ్చిన సహాయమును, మామగారి సొమ్మును ఆయన ప్రయాణపు ఆధారములు. అచట ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి, పగలు చదివెను. 1925లో ఫిస్కెతో గూడి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1930లో హార్వర్డులో పిహెచ్.డి. పొందెను, లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నడపిన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు విధమును కనిపెట్టెను. 1948 ఆగస్టులో అచటనే మరణించెను. స్వదేశమును మరల చూడలేదు. అయినను నేడు హైదర్‌గూడ మందుల దుకాణములో ఒక గర్భవతి కొనుక్కొను ఫోలిక్ ఆమ్లపు మాత్రలో ఆయన యున్నాడు. మనిషి రాలేదు గాని విద్య వచ్చెను. కావున తిరిగిరానివారి నెల్ల దూషించుట న్యాయము గాదు. అట్లని ప్రతి తల్లియు తన కుమారుడు సుబ్బారావగునని నమ్ముటయు న్యాయము గాదు.

ఇక ఒప్పందముల మాట. ఇది కొంత విస్తరించి చెప్పవలసినది, ఏలయన మా పై తరగతుల పిల్లలను అడుగగా ఒక్కరికిని తెలియలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిదప అమెరికావారి లారీలు, యంత్రములు, సామాగ్రి పెక్కు దేశములలో మిగిలిపోయెను. వానిని తిరిగి మోసికొనిపోవుటకన్న అచ్చటనే అమ్ముట మేలు. అట్లు అమ్మగా వచ్చు సొమ్మును దేశముల నడుమ విద్యార్థుల, ఆచార్యుల రాకపోకలకు వినియోగింపవలెనని ఫుల్‌బ్రైట్ అను సెనేటరు 1946లో ఒక శాసనము చేయించెను. ఆయన స్వయముగ ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో పరాయి విద్యార్థిగా చదివినవాడు. మన దేశము గణతంత్రమైన వారము దినములకు, 1950 ఫిబ్రవరి 2వ తేదీన, ప్రధాని నెహ్రూయు అమెరికా రాయబారి లాయ్ హెండర్సనును ఆ పద్ధతిని భారతదేశమునకు వర్తింపజేయు ఒడంబడికపై సంతకములు చేసిరి. అంతకు ముందటి యుద్ధములో ఫిరంగిని లాగిన లారీ, అమ్ముడుపోయి, ఒక పడుచువానికి ఓడ టిక్కెట్టు ఆయెనని మేము తరగతిలో చెప్పినప్పుడు వెనుక బల్లవారు సైతము తలలెత్తిరి.

దానికన్న విచిత్రమైనది గోధుమల కథ. 1951లో మన దేశమున కఱవు కమ్ముకొన్నది. అమెరికా కాంగ్రెసు చాలా తర్జనభర్జనలు పడి, 19 కోట్ల డాలర్ల గోధుమ అప్పును మనకు మంజూరు చేసెను. అప్పు గనుక వడ్డీ యుండును. ఆ వడ్డీలో తొలి యేబది లక్షల డాలర్లను మన విశ్వవిద్యాలయములకు పుస్తకములును, ప్రయోగశాలా పరికరములును కొనుటకును, ఇరుదేశముల ఆచార్యుల ప్రయాణములకును ఉపయోగింపవలెనని ఆ చట్టములోనే వ్రాసిరి. తిండికి చేసిన అప్పు యొక్క వడ్డీ గ్రంథములాయెను. పిదప 1954 నాటి వేఱొక చట్టము ననుసరించి గోధుమలకు మనము రూపాయలలో వెల చెల్లించితిమి. ఆ రూపాయలు ఈ దేశములోనే నిలువయుండెను. 1962 మొదలుకొని ఆ రూపాయలతోనే అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము వారు మన భాషలన్నింటి పుస్తకములను కొని తమ దేశపు విశ్వవిద్యాలయములకు పంపిరి. ఆ విధమున మన తెలుగు నవలలు, కవితాసంపుటములు, పత్రికలు అమెరికా గ్రంథాలయముల అలమారులకెక్కెను. ఇచట చెదలు తిన్న పుస్తకము అచట చలువగదిలో భద్రముగ నుండుట గలదు. కఱవునాటి రొట్టెముక్కకు తెలుగు పుస్తకము ఋణపడియున్నదని మా చిన్న తరగతివారు విన్నచో నమ్మరు.

ఆ కాలముననే మన నగరమునకు మఱియొక మేలు కలిగెను. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణమున అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రము తెఱవబడెను. ఆ దేశపు సాహిత్యము, చరిత్ర, రాజనీతికి సంబంధించిన లక్షకు మించిన గ్రంథములు అందు చేరెను. దేశపు నలుమూలల నుండి పరిశోధకులు రైలెక్కి వచ్చి అచట బసచేసి చదువుకొనిరి. న్యూయార్కు పోలేని ఒక జిల్లా కళాశాల అధ్యాపకునికి తార్నాకలో దిగినంతమాత్రముననే సగము అమెరికా కనబడెడిది. ఇదియే గదా నిజమైన పొత్తు! మనుష్యుని కదలింపలేనిచోట పుస్తకమును కదలించుట. కాలక్రమమున పైదేశపు ధనము తగ్గెను, కేంద్రము పేరును మాఱెను, ఇప్పుడది విశ్వవిద్యాలయమువారి అంతర్జాతీయ కార్యక్రమముల కేంద్రముగ నున్నది. నగరములోని ఉపాధ్యాయులలో దానిని చూచినవారెందఱో అడుగుటకు మాకు సిగ్గగుచున్నది, మేమును ఆలస్యముగనే చూచితిమి గనుక.

పైనుండి మనకడకు వచ్చినవారి సంగతి వేఱు. 1836లో శామ్యూల్ డే దొర తెలుగుదేశము చేరినప్పటినుండి, 1883లో డాక్టరు అన్నా కుగ్లరమ్మ గుంటూరునకు వచ్చినప్పటినుండి, అమెరికానుండి వచ్చిన మిషనరీలు మొట్టమొదట చేసిన పని తెలుగు నేర్చుకొనుట. ఈ భాషలో రోగి బాధ చెప్పుకొన్నప్పుడు అర్థము కాకున్న వైద్యము సాగదు. ఆ తరమువారి తప్పులను గూర్చి వ్రాయువారు చాలమంది కలరు; కాని ఇచటి బాసను నేర్చి ఇచటనే ముసలివారైనవారి నుండి నేర్వదగినది కొంత కలదని మా యభిప్రాయము. మననుండి ఆ వైపునకు పోయి బోధించినవారును లేకపోలేదు. వెల్చేరు నారాయణరావు 1971లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు పోయి దాదాపు నాలుగు దశాబ్దములు అచట తెలుగు సాహిత్యమును బోధించెను. ఆయన అడుగుటకు పోలేదు, ఇచ్చుటకు పోయెను.

2008లో పాత ఒడంబడికను తిరుగవ్రాసి, ఇకమీదట వేతనముల ఖర్చును రెండు ప్రభుత్వములును సమానముగ భరించుటకు ఒప్పుకొనిరి. పేరు ఫుల్‌బ్రైట్-నెహ్రూ వేతనములని మాఱెను. అదే యేట అక్టోబరులో హైదరాబాదున అమెరికా కాన్సులేటు బేగంపేట పైగా ప్యాలెసులో తెఱవబడెను. అంతకు పూర్వము వీసా కావలసిన తెలుగు పిల్లవాడు చార్మినారు ఎక్స్‌ప్రెసులో మద్రాసు పోవలసియుండెను. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువు రోజులలో మా గదిలోని ఒక మిత్రుని తమ్ముడు అట్లు మూడుమార్లు పోయి మూడుమార్లు వట్టిచేతులతో దిగుట కన్నులార చూచితిమి. 2023 మార్చిలో ఆ కాన్సులేటు నానక్‌రాంగూడలో క్రొత్త భవనమునకు మాఱెను. చిలుకూరు బాలాజీకి వీసాల దేవుడను పేరు వచ్చెనని పరిహసించువారు మా సంఘములోనే కలరు; వారు మా ప్రార్థనావిన్నపముల పుస్తకమును తెఱచి చూడవలెను. సగము వీసాలే.

ఇప్పుడు లెక్కలు చూతము. 2024-25 విద్యాసంవత్సరమున అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వీరిలో సగమునకు పైగా మన రెండు తెలుగు రాష్ట్రములవారేయని కాన్సులేటు లెక్కగా 2024లో పత్రికలలో వచ్చెను. ఇటు వైపు? 2022-23లో చదువుకొఱకు భారతదేశమునకు వచ్చిన అమెరికా విద్యార్థులు 1,355 మంది. ఆ యేడు మన విద్యార్థులు అచట సుమారు రెండు లక్షల డెబ్బది వేలమంది. అనగా వారినుండి ఒకడు వచ్చినచో మననుండి ఇన్నూరుమంది పోయిరి. తక్కెడలో ఒక పళ్ళెము నేలకంటినది, రెండవది ఆకాశమున నున్నది. దీనిని విద్యావినిమయము అని సభలలో పిలుచుట మేము విన్నప్పుడెల్ల, సంతలో బియ్యమిచ్చి ఉప్పు తెచ్చుకొను మా అమ్మమ్మ నవ్వును అనుకొందుము.

ఎందువలన నిట్లు? చదువు పేరట పోవునది చాలమంది ఉద్యోగమునకే యని దాచుకొననక్కఱలేదు. పట్టము చేతికి వచ్చినపిదప ఒక సంవత్సరము, సాంకేతిక విద్యలవారికి మఱి రెండు సంవత్సరములు అచట పనిచేయుటకు అనుమతి కలదు. ఆ తరువాత కావలసిన హెచ్1బి వీసాలు సంవత్సరమునకు 85,000, వానికి లాటరీ. అచటి విశ్వవిద్యాలయములకు పరదేశి విద్యార్థి రుసుము ఆదాయము. ఇచటి మధ్యవర్తికి ప్రతి విద్యార్థియు దస్తూరి. ఇచటి తండ్రికి ఒక ఆశ. ఇందఱి అవసరములు కలిసి ఒక పెద్ద బండి నడచుచున్నది. దానిని లాగునది మాత్రము ఆ తండ్రి చేసిన ముప్పది, నలువది లక్షల అప్పు. ఒక దేశపు రాజధానిలో ఎవరో కాగితముపై ఒక పంక్తి మార్చిన, నల్లగొండలో ఒక యింట పొయ్యి వెలుగదు. 2025 మే 27న వీసా ముఖాముఖీలకు క్రొత్త తేదీలిచ్చుట ఆపిరి. జూనులో మరల ఇచ్చిరి గాని విద్యార్థులు సామాజిక మాధ్యమములలో వ్రాసినదంతయు చూతుమనిరి. సెప్టెంబరులో క్రొత్త హెచ్1బి దరఖాస్తుకు లక్ష డాలర్లనిరి. ఆ శరత్కాలమున అమెరికాలో క్రొత్తగ చేరిన పరదేశి విద్యార్థులు అంతకు ముందటి యేటికన్న నూటికి పదునేడువంతులు తగ్గిరి. రెండు వైపులనుండియు జనము నడచు బాటయైనచో దానిని మూయుటకు ఇరువైపుల వారును జంకుదురు. ఒక వైపునుండియే నడచు బాటకు గొళ్ళెము అవతలివాని చేతిలో నుండును.

ఇక మా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట మా పూర్వవిద్యార్థి యొకడు ఇంజనీరింగు ముగించి మా యొద్దకు వచ్చెను. మంచివాడు, మాటకు నెమ్మది. అతని చేత నొక కాగితమున్నది. “సార్, సంతకం పెడితే చాలు. మిగతాదంతా వాళ్ళే చూసుకుంటరు,” అనెను. చదివితిమి. అది యోగ్యతాపత్రము. ఆ కాగితము ప్రకారము మేము అతని పరిశోధనను పర్యవేక్షించితిమట; అతనియందు అసామాన్యమైన విశ్లేషణాశక్తిని కంటిమట. మేము అతనికి తొమ్మిదవ తరగతిలో తెలుగును, సాంఘికశాస్త్రమును చెప్పితిమి. అతనియందు మేము కన్నది వేఱు: పరీక్షలో ప్రక్కవాని కాగితమువైపు చూడని బాలుడు, ఇంటర్వెల్లులో చిన్నపిల్లలకు కొళాయివద్ద వరుస కట్టించువాడు. అది వ్రాసియుండిన ఎంత బాగుండెడిది! కాని బయట అతని తండ్రి స్కూటరుమీద వేచియుండెను. సంతకము పెట్టితిమి.

ఆ బాలుడు చేరిన విద్యాలయము ఒక అంగడివరుసలో రెండు గదులట. తరగతులు శనివారములందు మాత్రము, అవియును అప్పుడప్పుడు. వేఱొక కళాశాలకు మాఱుటకు సొమ్ము లేక, దొంగచాటుగ పనిచేయుటకు మనసు రాక, ఏడాదిన్నరకు తిరిగివచ్చెను. ఇబ్రహీంపట్నమువద్ద వారికున్న స్థలము అమ్ముడుపోయెను. తండ్రి పిదప ఒకనాడు చెల్లెలి ప్రవేశము కొఱకు పాఠశాలకు వచ్చి, మమ్ము చూచి, “బాగున్నరా సార్?” అని మాత్రమే అనెను. తిట్టియుండిన బాగుండెడిది.

ఇట్టివి ఒక యింటి కథలు కావు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయము మోసమని తేలి మూతబడినప్పుడు అందలి విద్యార్థులలో అధికులు తెలుగువారు. కొందఱి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించిరి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము బయటబడెను. అది ఇంకను వింత. ఆ విశ్వవిద్యాలయమును స్థాపించినది అక్రమవలసదారులను పట్టుకొనుటకు అమెరికా ప్రభుత్వమువారే. గురువులు లేరు, తరగతులు లేవు. రుసుములు మాత్రము పుచ్చుకొనిరి. విద్యార్థులను చేర్చుకొన యోగ్యమైన సంస్థల సర్కారు పట్టికలో దాని పేరున్నది. నిర్బంధింపబడినవారిలో 129 మంది భారతీయులు. తరగతులు లేవని ఎఱిగియే చేరిరని ఆ ప్రభుత్వము చెప్పెను. కొందఱు ఎఱిగియే యుందురు, మేము వాదింపము. కాని ఉపాధ్యాయులముగ మాకొక సందేహము. దొంగను పట్టుటకు బడియను పేరుగల బోను పెట్టవచ్చునా? ఆ పేరునకు ఇరుదేశములలోను కొంత పవిత్రత కలదని మేము అనుకొనియుంటిమి.

తలిదండ్రులకు మా మనవి చిన్నది. మీ బిడ్డ చేరబోవు సంస్థలో ముందు చేరినవారిలో ఇద్దఱితో మీరే మాటలాడుడు, మధ్యవర్తి చూపినవారితో గాదు. ఎడ్యుకేషన్ యు.ఎస్.ఎ. పేర అమెరికా ప్రభుత్వమువారు నడపు సలహాకేంద్రములు సమాచారమునకు సొమ్ము పుచ్చుకొనవు. దస్తూరి లేదు గనుక వారికి మిమ్ము తొందరపెట్టు పనియు లేదు. ఉండు ఇంటిని మాత్రము తాకట్టు పెట్టవలదు. షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి అంబేద్కరు ఓవర్సీసు విద్యానిధి, వెనుకబడిన తరగతులవారికి జ్యోతిబా ఫూలే పేరిట నిధి, క్రైస్తవులతో గూడ మైనారిటీలకు ముఖ్యమంత్రి వేతనము తెలంగాణ ప్రభుత్వమున కలవు. ఇరువది లక్షల రూపాయలవరకు ఇత్తురు. మంజూరైనను చేతికందుటకు ఆలస్యమగునని వినుచున్నాము. ఆలస్యమైనను అప్పుకన్న మేలు.

రాక మాట చెప్పవలసియున్నది. మా సంఘమునకు ఆరాధనకు వచ్చు ఆఫ్రికా దేశపు విద్యార్థి యొకనికి గది వెదకుటకు మేము ఒక వారము నారాయణగూడ, చిక్కడపల్లి సందులన్నియు తిరిగితిమి. టు-లెట్ బోర్డు వ్రేలాడుచున్న ఇంటిలోనే గది లేదనిరి. ఒక ఇంటి యజమాని మాత్రము సత్యము చెప్పెను: “సార్, మీరైతే ఇస్త. ఆ పిల్లగాని వద్దు.” ఆయన కుమారుడు టెక్సాసులో ఎవరి ఇంటిలోనో అద్దెకున్నాడు; గోడమీద ఆ ఇంటి ఫొటో యున్నది. ఆ యజమానికి మేము ఏమియు బదులు చెప్పక మెట్లు దిగివచ్చితిమి, చెప్పవలసినది గోడమీదనే యుండెను గనుక.

సంతోషకరమైన జ్ఞాపకమును ఒకటి కలదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమువారు 1998 మొదలు పైదేశపు విద్యార్థులకు ఒక యధ్యయన కార్యక్రమమును నడపుచున్నారు. అందు చేరి తెలుగు నేర్చుకొనుచున్న అమెరికా పడుచు ఒకతె, ఒక మిత్రుని వెంట మా పాఠశాలను చూడవచ్చెను. ఎనిమిదవ తరగతిలో ఆమెను కూర్చుండబెట్టితిమి. పిల్లలు ఆమెతో ఆంగ్లములో మాటలాడుటకు పోటీపడిరి. ఆమె తెలుగులోనే బదులు చెప్పుచుండెను. తలుపు చూపి, “దీన్ని ఏమంటారు?” అనగా “డోర్” అనిరి. ఆమె నవ్వి, దాని యినుపకొక్కెమును చూపి, “ఇది గొళ్ళెం కదా?” అనెను. తరగతియంతయు నిశ్శబ్దము. ఒక చిన్నవాడు మాత్రము, “మా నాయనమ్మ అట్లనే అంటది, అక్కా,” అనెను. ఆ యొక్క గంటలో మా పిల్లలకు కలిగిన తెలుగు గౌరవము మేము ఆఱుమాసములు వ్యాకరణము చెప్పినను కలుగలేదు. పైనుండి వచ్చువారివలన మనకేమి లాభమని అడుగువారు ఉండవచ్చును. మా లాభము అది.

అట్టివారు పదిమందియైనను సంవత్సరమునకు మన ప్రాంతపు పాఠశాలలకు వచ్చునట్లు చేయరాదా? విశ్వవిద్యాలయములో పుస్తకమునుండి తెలుగు నేర్చుకొను విద్యార్థికి పిల్లల నోటి తెలుగు కావలెను. మా పిల్లలకు ఆంగ్లము పలుకుటలో బెదరు పోవలెను. వారమునకొక మధ్యాహ్నము చాలును. దీనికి ప్రభుత్వముల ఒడంబడిక అక్కఱలేదు, ఒక ఉత్తరమును, ఒక ఆటో కిరాయియు చాలును. అమెరికాలో స్థిరపడిన మా పూర్వవిద్యార్థులకును ఒక కోరిక. సెలవులకు వచ్చినప్పుడు చాక్లెట్లు పంచుట మంచిదే. దానికి బదులు నాలుగు దినములు పదవ తరగతికి లెక్కలో, సైన్సో చెప్పుడు. మీరు అచట మొదటి చలికాలము ఎట్లు గడపితిరో, ఏ ఉద్యోగము దొరకక ఎన్ని నెలలుంటిరో, అదియును దాచక చెప్పుడు. మధ్యవర్తి చెప్పనిది మీరే చెప్పగలరు. పైదేశపు విశ్వవిద్యాలయములు మన దేశమున శాఖలు తెఱచుటకు 2023లో నియమములు వచ్చెను. 2025లో సౌతాంప్టన్ వారు గురుగ్రామమున తెఱచిరి. మంచిదే. కాని పైదేశపు పేరుబోర్డు మన వీధికి వచ్చుట వేఱు, పైదేశపు విద్యార్థి మన తరగతిలో కూర్చుండుట వేఱు.

యోగ్యతాపత్రముల విషయమున మేము చేసికొన్న యేర్పాటును ఇచట తెలియజేయుచున్నాము. ప్రధానోపాధ్యాయుల అనుమతితో కార్యాలయమున ఒక రిజిస్టరు ఉంచితిమి. పత్రము కావలసిన పూర్వవిద్యార్థి తన పేరు, తాను చదివిన తరగతి, సంవత్సరము అందు వ్రాయవలెను. బయట తయారైన కాగితముపై సంతకము చేయము. అతనిని ఎఱిగిన ఉపాధ్యాయుడు, తాను ఎఱిగినంతమాత్రము, తన చేతితో వారము దినములలో వ్రాసియిచ్చును. శనివారము మధ్యాహ్నము రెండు గంటలనుండి నాలుగు గంటలవరకు మేము కార్యాలయముననే యుందుము. తండ్రులు బయట స్కూటరుమీద వేచియుండక లోపలికి వచ్చి కూర్చుండవలెనని కోరుచున్నాము.